ఊపిరాడని పెట్టె

"ఆ పడవలో మంచి కబురు రాదు. నాకు తెలుస్తూనే ఉంది," అంది ఉనైసి, వంటపాక గుమ్మంలో నిలబడి సముద్రం వైపు చూస్తూ.

అప్పటికి పడవ కనిపించనే లేదు. పగడపు దిబ్బ మీద అలలు తెల్లగా విరుగుతున్నాయి, అంతే.

"పడవే రాలేదు, కబురెలా వచ్చింది అత్తా?" అంది తొరికా. కోడలు కర్రపెండలం చెక్కు తీస్తోంది. కత్తి చప్పుడులోనే కోపం వినిపిస్తోంది.

"ఆ పసివాడికి ఏదో అయింది. తెల్లారుతూనే కుక్క వాకిట్లో గొయ్యి తవ్వింది. మీ మామ పోయిన రోజూ ఇలాగే తవ్వింది."

"అది రోజూ తవ్వుతుంది. పీతల కోసం."

పీతల కోసం తవ్వే గొయ్యికీ, ఇంకోదానికీ తేడా తనకు తెలుసనుకుంటుంది ఉనైసి. కొడుకు చేపలకు వెళ్తే మునిగిపోతాడని భయం, వెళ్లకపోతే జ్వరమేమోనని భయం. యాభై ఎనిమిదేళ్లుగా ఆ గుండెకు నెమ్మదంటూ లేదు. కానీ ఈ పద్నాలుగు రోజుల భయం వేరు. ఇది ముందు జరగబోయేదాని గురించి కాదు.

చాప మీద సకియుసా కూర్చుని తిమింగలం పన్నుకు కొబ్బరినూనె రాస్తున్నాడు. అరగంట నుంచి ఒకవైపే రుద్దుతున్నాడు. తండ్రి పోయినప్పుడు మేనమామ కమినియేలి తెచ్చి ఈ ఇంట్లో పెట్టిన పన్ను అది. ఇవాళ సాయంత్రం అదే పన్ను పట్టుకుని అదే మేనమామ ముందు తల వంచాలి. తప్పు ఒప్పుకుని క్షమించమని అడగాలి.

"అరిగిపోతుంది. మామయ్య చేతికి వెళ్లేసరికి పంది పన్నంత అవుతుంది," అంది తొరికా.

సకియుసా రుద్దుతూనే ఉన్నాడు.

"కుళాయి దగ్గర ఏమంటున్నారో తెలుసా నీకు? తుఫాను వెలిసిందని యంగోనా తాగి మత్తుగా పడుకున్నావట. పీపాలో ఇంధనం అయిపోయినా చూసుకోలేదట. ఇంకొకావిడైతే అమ్ముకున్నావని కూడా అంది."

"ఎవరికమ్ముతాను? మిథనాల్ అది. తాగితే కళ్లు పోతాయి."

"పోనీలే, నోరు తెరిచావు. రెండు రోజులైంది నీ గొంతు విని." తొరికా కత్తి కింద పెట్టింది. "పీపాలో ఇంధనం ఉంది. నేనే చూశాను. నువ్వు తాగలేదు, ఇంటి కప్పు మీద తాళ్లు కడుతున్నావు. మరెందుకాగింది ఆ పెట్టె? నాకైనా చెప్పు. సాయంత్రం అందరి ముందూ నీ పక్కన కూర్చునేది నేను."

సకియుసా పన్నును రెండోవైపు తిప్పాడు.

ఉనైసి కర్రపెండలం గిన్నె అందుకుని, అందులో నీళ్లు పోసింది. అప్పటికే నీళ్లున్నాయి. అవి పొర్లి ఆమె పాదాల మీద పడ్డాయి.

*

దెలైవుని ఊరికి కరెంటు తీగ లేదు. నర్సు ఆసుపత్రి వెనక సిమెంటు దిమ్మ మీద బీరువా అంత పెట్టె ఒకటుంది. అందులో బ్యాటరీలు, వాటి పక్కనే మిథనాల్‌తో నడిచే ఫ్యూయల్ సెల్. ఎండ ఉన్నప్పుడు కప్పు మీది సోలార్ పలకలు బ్యాటరీలను నింపుతాయి. ఎండ లేక బ్యాటరీ సగానికి దిగితే, ఫ్యూయల్ సెల్ దానంతటదే లేచి మళ్లీ నింపుతుంది. మంట ఉండదు, పొగ ఉండదు. వెనక చీలికల్లోంచి గాలి పీల్చుకుంటుంది, చిన్న గొట్టంలోంచి వెచ్చటి ఆవిరి వదులుతుంది. దాన్ని చూసుకునే పని సకియుసాది.

పెట్టె దింపిన రోజు రాజధాని సువా నుంచి వచ్చినవాళ్లు ఊరందరినీ కూర్చోబెట్టి చెప్పారు. వెనక చీలికలకు ఏదీ అడ్డం పెట్టకండి అని. ఉనైసి ఆ రోజు వంట దగ్గర ఉంది. ఇంటికొచ్చాక సకియుసా తన మాటల్లో చెప్పాడు.

"అది మనలాగే ఊపిరి పీలుస్తుందమ్మా."

"అయితే దగ్గు కూడా వస్తుందా?" అని ఆమె నవ్వింది.

ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే చేస్తున్న పని ఆపి పెట్టె ఉన్న వైపుకు వీపు తిప్పుకుంటుంది.

తుఫానుకు ముందు సాయంత్రం ఊరంతా కన్నాలు మూసుకుంది. కిటికీలకు పలకలు కొట్టారు, తలుపు సందుల్లో చాపలు కుక్కారు, కప్పుల మీద తాళ్లు వేశారు. ఎగిరిపోతాయని సకియుసా సోలార్ పలకలు విప్పి నర్సు మంచం కింద దాచాడు. కన్నాలు మూయడం అమ్మమ్మల కాలం నుంచి ఉన్నదే. గాలి దూరే చోటు వదిలితే ఇల్లు లేచిపోతుంది. ఉనైసి చేతులకు ఆ పని ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆసుపత్రి వెనక చెత్త తీసేద్దామని వెళ్లింది. పెట్టె వెనక అరచెయ్యి వెడల్పు చీలికలు నోరు తెరుచుకుని ఉన్నాయి. గాలి అప్పటికే ఈలలు వేస్తోంది. వాన దూరితే? లోపల నీళ్లు పడి పేలితే? పేలకపోయినా పాడైతే, నా కొడుకు మీదికే కదా వస్తుంది?

చర్చికి పట్టుకెళ్లే మొగలి చాప చంకలో ఉంది. ఊదా, పసుపు ఉన్నితో అంచు కట్టిన చాప. నాలుగు మడతలు వేసి చీలికల్లోకి కుక్కింది. కొబ్బరి పీచు తాడుతో రెండు ముళ్లు వేసింది. ఊపిరి మాట గుర్తు రాలేదా అంటే, వచ్చింది. ఒక్క రాత్రే కదా, ఒక్క రాత్రి బిగపట్టుకోలేదా అనుకుంది.

రెండో ముడి బిగిస్తుంటే వెనక బాట మీద ఎవరో ఉన్నట్టనిపించింది. తిరిగి చూసింది. భుజాన తాడు చుట్టతో ఒక వెడల్పాటి వీపు అరటి చెట్ల మధ్యకు పోతోంది. గాలివేళ ఎవరి పరుగు వాళ్లది.

తుఫాను వెళ్లాక తీద్దామనుకుంది. కానీ తెల్లారేసరికి తమ ఇంటి కప్పు సగం లేదు. తడిసిన పరుపులు, విరిగిన పనస చెట్టు, మంచినీళ్ల తొట్టిలో ఉప్పునీళ్లు. మర్చిపోయింది.

మూడో రోజు తెల్లవారకముందే కమినియేలి కూతురు లోసానాకు ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. బిడ్డ నీలంగా పుట్టాడు. నర్సు మకెరెటా ఆక్సిజన్ యంత్రం పెట్టింది. అరగంట నడిచి, అది ఆగిపోయింది. రేడియో పలకలేదు. దీపం ఆరిపోయింది. ఆ బీరువా లాంటి పెట్టె మొత్తం చచ్చిపోయి ఉంది. మకెరెటా రబ్బరు తిత్తి పట్టుకుని చేత్తో పిసుకుతూ మధ్యాహ్నం దాకా ఆ బిడ్డకు ఊపిరి పోసింది. నలుగురు మగవాళ్లు ఆ సముద్రంలోనే పడవ వేసుకుని పక్క దీవికి పోయి కబురు పంపారు. సువా నుంచి పెద్ద పడవ వచ్చేసరికి మకెరెటా వేళ్లు ముడుచుకుపోయి మళ్లీ తెరుచుకోలేదట.

బిడ్డ బతికి ఉన్నాడు. సువా ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో, ముక్కులో గొట్టంతో. ఇంకా ఏడవలేదు. తలకు గాలి అందని ఆ కాసేపు ఏం చేసిందో పెద్ద డాక్టర్లకే తెలియదంటున్నారు.

ఆ రోజు కేకలు విన్నాకే ఉనైసికి చాప గుర్తొచ్చింది. పరిగెత్తుకుంటూ వెళ్లింది. పెట్టె వెనక చాప లేదు. తాడు లేదు.

గాలి ఎత్తుకుపోయి ఉంటుంది. తుఫాను రాత్రే లాక్కుపోయి ఉంటుంది. అలాగైతే పెట్టె ఆగడానికి కారణం ఇంకేదో. ఈ ఒక్క మాటను పద్నాలుగు రోజులుగా నాలుక కింద పెట్టుకుని బతుకుతోంది ఆమె. నమ్మకం కాదు అది. ఊతకర్ర.

*

పడవ మధ్యాహ్నానికి ముందే వచ్చింది. అందులోంచి అవినేష్ దిగాడు. ఇలాంటి పెట్టెలు బాగుచేయడానికి దీవులన్నీ తిరిగే కుర్రాడు. నడుముకి పనిముట్ల సంచి, మొహం నిండా సముద్రం మీది నీరసం. అతను ఇసకలో కాలు పెట్టగానే ఊరివాళ్లు చుట్టుముట్టారు.

"బిడ్డ ఎలా ఉన్నాడు?" అని అడిగింది ఉనైసే.

"నిన్న సాయంత్రం కళ్లు తెరిచాడట పెద్దమ్మా. గొట్టం ఇంకా తీయలేదు."

"ఏడ్చాడా?"

"అది చెప్పలేదు."

చెప్పలేదంటే ఏడవలేదన్నమాట అనుకుంది ఉనైసి.

పెట్టె చుట్టూ జనం చేరారు. వాటిసోని ముందు నిలబడ్డాడు. ఉనైసి భర్తకు అన్న, వాళ్ల వంశం తరఫున నలుగురిలో మాట్లాడే మనిషి. సాయంత్రం పన్ను పట్టుకుని మాట్లాడవలసిందీ ఆయనే.

"జాగ్రత్త అబ్బాయీ. మా ఊళ్లో యంత్రాలు కరుస్తాయి," అన్నాడు.

"కరిచే యంత్రమైతే నయం పెద్దాయనా. ఎక్కడ నొప్పో దానికి తెలుస్తుంది." అవినేష్ మోకాళ్ల మీద కూర్చుని పెట్టె తలుపు తెరిచాడు. ఒక తీగ గుచ్చి, చిన్న తెర మీద అక్షరాలు చదవడం మొదలుపెట్టాడు.

సకియుసా కాస్త దూరంగా నిలబడ్డాడు. ఆ పక్కన తొరికా. ఉనైసి ఉడికిన కర్రపెండలం పళ్లెం పట్టుకుని వాళ్లిద్దరి వెనక.

"ఇంధనం ముప్పావు వంతుంది," అన్నాడు అవినేష్.

తొరికా వెనక్కి తిరిగి జనంలో ఒకావిడ వైపు చూసింది. ఆవిడ చూపు దించుకుంది.

"తుఫాను రాత్రి, మర్నాడు పగలు, బ్యాటరీ మీద నడిచింది. బాగానే నడిచింది. ఆ సాయంత్రం సగానికి దిగింది. ఫ్యూయల్ సెల్ లేవాలి." తెర మీద వేలు జరిపాడు. "లేచింది. మూడు నిమిషాలకు ఆగింది. మళ్లీ లేచింది, మళ్లీ ఆగింది. ఆ రాత్రి పదకొండు సార్లు ప్రయత్నించింది పాపం. పన్నెండోసారి లేవలేదు. పొద్దున ఆక్సిజన్ యంత్రం పెట్టేసరికి బ్యాటరీలో మిగిలిన చుక్క కూడా అయిపోయింది."

"రోగం ఏమిటట?" అన్నాడు వాటిసోని.

"ఇదిగో, అదే రాసుకుంది. గాలి లేదు. గాలి లేదు. గాలి లేదు. పదకొండు సార్లూ అదే మాట."

ఉనైసి పట్టుకున్న పళ్లెం ఒరిగింది. ఒక ముక్క జారి గడ్డిలో పడింది. కోడి వచ్చి పొడుచుకుపోయింది.

గాలి ఎత్తుకుపోలేదు. ఆ రాత్రీ, ఆ మర్నాటి రాత్రీ చాప అక్కడే ఉంది. పదకొండు సార్లు పెట్టె నోరు తెరిచింది, పదకొండు సార్లూ ఆ నోట్లో తన చాపే ఉంది.

అవినేష్ వెనక్కి వెళ్లి చీలికల్లో దీపం వేసి చూశాడు. "శుభ్రంగానే ఉంది ఇప్పుడు. కానీ అప్పుడు ఎవరో మూసి ఉండాలి. పిట్టగూళ్లకు ఇంత ఊపిరి ఆగదు. సకియుసా, ఎవరు మూశారు?"

చెప్పేయ్, అనుకుంది ఉనైసి. నాలుక కదిలింది కూడా. కానీ ఆ జనంలో కమినియేలి తమ్ముడి పిల్లలున్నారు, పాస్టరున్నాడు, రబ్బరు తిత్తి పిసికి వేళ్లకు కట్టు కట్టుకున్న మకెరెటా ఉంది. ఊరంతటి కళ్లు ఒక్కసారి తన మీదికి తిరగడం ఆమెకు కనిపించింది. నాలుక మళ్లీ పడుకుంది.

"నేనే," అన్నాడు సకియుసా. "చెక్కపలక బిగించాను, తుఫానని. తీయడం మర్చిపోయాను."

తొరికా మొగుడి మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. చెక్కపలకలన్నీ ఆ సాయంత్రం తమ ఇంటి కిటికీలకే సరిపోలేదని ఆమెకు తెలుసు.

"రిపోర్టులో రాయాలి మరి," అన్నాడు అవినేష్, తప్పు తనదే అయినట్టు. "రాస్తే ఈ పని నీకుండదు అన్నా."

"రాసుకో."

వాటిసోని గొంతు సవరించుకున్నాడు. ఏదో హాస్యం ఆడబోయి మానుకున్నాడు. "సాయంత్రం నా పని తేలికైంది. తప్పేమిటో తెలియకుండా క్షమించమని ఎలా అడగాలా అని రాత్రంతా నిద్రలేదు," అని మాత్రం అన్నాడు.

*

"ఎందుకలా చెప్పావు?"

వంటపాకలో కట్టెల వెనక కొడుకు ఒక్కడే ఉండగా పట్టుకుంది ఉనైసి. తొరికా లోపల మొగుడు నడుముకు చుట్టుకునే సులు ఇస్త్రీ చేస్తోంది.

"ఎలా చెప్పాను?"

"చెక్కపలక అని."

సకియుసా తల్లి వైపు చూడకుండా కట్టెల దొంతి పైన చెయ్యి పెట్టాడు. తాటాకు మోపు పక్కకు జరిపి, దాని కిందనుంచి ఒక చుట్ట తీసి ఆమె ముందు పెట్టాడు. ఊదా, పసుపు ఉన్ని అంచు. దానికి ఇంకా తాడుంది. ముళ్లు విప్పలేదు, పక్కన కత్తితో కోశాడు.

ఉనైసి పొయ్యి గట్టు మీద కూర్చుంది.

"ఆ పొద్దునే తీశాను," అన్నాడు. "ముందు తీగలన్నీ వెతికాను. ఇంధనం చూశాను. చివరికి వెనక ఇది కనిపించింది, అప్పటికి దాన్ని లేపడానికి బ్యాటరీలో చుక్క లేదు. ఆ ముందురోజు మధ్యాహ్నం పచ్చదీపం వెలుగుతూనే ఉంది, అందుకే వెనక్కి వెళ్లి చూడలేదు. చూసి ఉంటే సరిపోయేది. అది నా తప్పే."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తావని."

కుక్క వాకిట్లో మళ్లీ తవ్వుతోంది. ఇసక గోడకు తగిలి రాలుతోంది.

"పద్నాలుగు రోజులు చూశానమ్మా. పొద్దున్నే లేవగానే ఇవాళ చెప్తుంది అనుకునేవాణ్ణి. అన్నం పెడుతూ దగ్గరికొచ్చేదానివి. ఇప్పుడు చెప్తుంది అనుకునేవాణ్ణి. ఉప్పు సరిపోయిందా అని అడిగేదానివి."

ఉనైసి చాప అంచును వేళ్లతో పట్టుకుంది. ఆ ఉన్ని ముడి తను వేసిందే. ఒకచోట పసుపు తక్కువై ఆకుపచ్చ కలిపింది. తన చాప కాదని చెప్పడానికి ఎక్కడా వీల్లేదు.

"గాలి తీసుకుపోయిందనుకున్నాను," అంది.

"అనుకున్నావా?"

ఆమె ఉన్ని ముడిని బొటనవేలితో రుద్దింది.

"సరేలే," అన్నాడు సకియుసా. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేది. "ఇప్పుడిక చెప్పకు. నేను చెప్పేశాను, అయిపోయింది. ఉద్యోగం పోతే సువాలో ఏదో ఒకటి చూసుకుంటాను. నువ్వు ఈ ఊళ్లోనే ఉండాలి. అదే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకోవాలి. ఆ బిడ్డకేమైనా అయితే..."

"అలా అనకు."

"రోజుకు పదిసార్లు నువ్వే అంటావు కదా."

"నేనంటే జరగదని అంటాను," అంది ఉనైసి. నలభై ఏళ్లుగా తను చేస్తున్న పనేమిటో ఆ మాట నోటి నుంచి వచ్చాకే ఆమెకు అర్థమైంది. చెడు ముందే పలికేస్తే అది సిగ్గుపడి వెనక్కి పోతుందని. ఇన్ని చెడులు ఊహించింది. తన చేతులతో తను చేయబోయే దాన్ని మాత్రం ఊహించలేదు.

"నీ మీద పడుతుందనే కట్టాను రా. నీళ్లు దూరితే నిన్నంటారని."

"తెలుసు," అన్నాడు. "అందుకే నేను ఏమీ అనలేకపోతున్నాను."

లోపలి నుంచి తొరికా పిలిచింది. "ఇస్త్రీ అయింది. వస్తావా, లేక కట్టెలతో కూడా మాట్లాడవా?"

సకియుసా చాపను మళ్లీ తాటాకు కింద తోసి వెళ్లిపోయాడు.

ఉనైసి కాసేపు అక్కడే కూర్చుంది. తర్వాత లేచి చేతులు కడుక్కుంది.

*

కమినియేలి ఇల్లు ఊరి పైవైపున. తుఫానుకు ఆ ఇంటికి ఒక్క రేకు కూడా పోలేదు. భార్య సువాలో కూతురి దగ్గరే ఉండటంతో ఇంట్లో ఆడ అలికిడి లేదు.

ఆయన గొంతు పెద్దది. ఊరి ఆ చివర పందిని తిడితే ఈ చివర పిల్లలు దాక్కుంటారు. అలాంటి మనిషి పద్నాలుగు రోజులుగా ఎవరినీ ఒక్క మాట అనలేదు. మొన్న వాటిసోని సంగతి కదిలిద్దామని పోతే లోపలికి రమ్మనలేదు, పొమ్మననూ లేదు. అరుగు మీద కూర్చుని తాడు పేనుతూనే ఉన్నాడట. అంత కోపం ఎన్నడూ చూడలేదని ఊరంతా అనుకుంది.

మగవాళ్లు పైవైపు, ఆడవాళ్లు కిందివైపు గుమ్మం దగ్గర కూర్చున్నారు. ఉనైసి అందరికంటే చివర, తలుపు వారగా సర్దుకుంది. తోడబుట్టినవాడి ఇల్లే అది. కానీ ఆ దీవిలో అన్నాచెల్లెళ్లు ఈడొచ్చాక ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోరు. ఎదురుపడితే ఒకరు పక్కకు తప్పుకుంటారు. అది దూరం కాదు, మర్యాద. ఉనైసి పన్నెండో ఏట చివరిసారి అన్నను పిలిచింది. కొబ్బరికాయ దింపమని. ఆ తర్వాత నలభై ఆరేళ్లు. పెళ్లిలో, పురుడులో, మొగుడి చావులో కూడా ఏ కబురైనా మూడో మనిషి నోటితోనే.

వాటిసోని పన్నును తాడుతో పట్టుకుని మోకాళ్ల మీద ముందుకు జరిగాడు. వెనక సకియుసా తల వంచుకుని కూర్చున్నాడు. ఇస్త్రీ మడత పోని సులు మీద అతని రెండు చేతులూ చచ్చిన చేపల్లా పడి ఉన్నాయి.

"బరువుగా వచ్చాం," అన్నాడు వాటిసోని. "నీ ఇంట్లో పడిన దెబ్బకు మా ఇంటి చెయ్యే కారణమని తెలిసింది. వీడు నీ మేనల్లుడు. నీ చెట్టు మీది ఏ కాయైనా అడక్కుండా కోసుకునే హక్కున్నవాడు. ఇవాళ మాత్రం అడగడానికి వచ్చాడు. ఈ పన్ను తీసుకో. కోపం దీని కింద పాతెయ్."

పన్నును కమినియేలి ముందు చాప మీద పెట్టాడు. నూనెకు అది పచ్చగా మెరుస్తోంది.

కమినియేలి దాన్ని చూశాడు. చెయ్యి చాచలేదు.

తీసుకుంటే క్షమించినట్టు. తీసుకోకపోతే వీళ్లు అలాగే కూర్చోవాలి. రేపు మళ్లీ రావాలి.

"బావా," అన్నాడు వాటిసోని కాసేపటికి, మెల్లగా. వాళ్లిద్దరి మధ్య ఎకసెక్కాలకు హద్దుండదు. "నా మోకాళ్లు నీ మోకాళ్లంత కుర్రవి కావు."

వాటిసోని నిట్టూర్చి మళ్లీ మొదలుపెట్టాడు. "కుర్రవాడు. తుఫానని పలక బిగించాడు. తీయడం మర్చిపోయాడు. ఆ మరుపుకు వీణ్ణి ఏ శిక్ష..."

"పలక కాదు."

అన్నది ఎవరో ముందు ఎవరికీ అర్థం కాలేదు. గుమ్మం వారగా కూర్చున్న ఆడవాళ్లలోంచి ఉనైసి లేవకుండానే, మోకాళ్ల మీద ముందుకు వస్తోంది. ఆడవాళ్ల హద్దు దాటింది. సకియుసా పక్క నుంచి వెళ్తుంటే అతను చెయ్యి చాచి ఆమె బట్ట అంచు పట్టుకోబోయాడు. అందలేదు.

చంకలో దాచి తెచ్చిన చుట్టను తీసి పన్ను పక్కన పరిచింది. ఊదా, పసుపు అంచు. కోసిన తాడు.

"అమ్మా, వద్దు," అన్నాడు సకియుసా.

"అన్నా," అంది ఉనైసి.

వెనక ఎవరో ఊపిరి లోపలికి పీల్చి వదల్లేదు. వాటిసోని రెండు అరచేతులూ గాల్లోనే ఉండిపోయాయి.

"నీతో మాట్లాడకూడదు. తెలుసు. ఇంకొకరి నోటితో చెప్పించే మాట కాదిది, అందుకని మాట్లాడుతున్నాను. పెట్టె వెనక మూసింది నేను. ఈ చాప నాది. వాన దూరితే నా కొడుకునంటారని మూశాను. అది ఊపిరి పీలుస్తుందని వీడు నాకు ముందే చెప్పాడు. ఒక్క రాత్రికేమవుతుందిలే అనుకున్నాను. తర్వాత మర్చిపోయాను. చాప కనపడకపోతే గాలి తీసుకుపోయిందని నాకు నేను చెప్పుకున్నాను. వీడు తప్పు తన మీద వేసుకుంటుంటే పళ్లెం పట్టుకుని చూస్తూ నిలబడ్డాను." కోసిన తాడును అన్న వైపు జరిపింది. "నీ మనవడి ఊపిరికి అడ్డం పడింది నేను. పన్ను నువ్వు తీసుకోకు. వాడి తరఫున తెచ్చిన పన్ను అది. వాడు ఏమీ చేయలేదు."

చెప్పడం అయిపోయింది. ఇంకేమైనా మిగిలిందేమోనని వెతుక్కుంది. లేదు.

కమినియేలి ఆమె వైపు చూడలేదు. చాప వైపు చూస్తున్నాడు.

బయట కోడి ఒకటి రేకు మీద నడుస్తున్న చప్పుడు. దిబ్బ మీద అల విరిగింది. ఇంకొకటి విరిగింది. ఒక బిడ్డ దగ్గితే తల్లి నోరు మూసింది. ఎండ కిటికీలోంచి జరిగి పన్ను మీదికి వచ్చింది, పన్ను దాటి చాప అంచు మీదికి వెళ్లింది.

నన్ను కొట్టినా బాగుండు, అనుకుంది ఉనైసి. నన్ను వెళ్లిపొమ్మన్నా బాగుండు. బిడ్డ పోయాడని ఇప్పుడే కబురొచ్చి ఉంటుంది ఈయనకు, అందుకే మాట రావడం లేదు.

కమినియేలి చెయ్యి చాచాడు.

వాటిసోని అరచేతులు గుంటగా పట్టి, పన్ను అందుకోగానే కొట్టే మర్యాద చప్పట్లకు సిద్ధమయ్యాడు. కానీ ఆ చెయ్యి పన్ను దగ్గరికి వెళ్లలేదు. కోసిన తాడును అందుకుంది. తాడు పేనీ పేనీ మొద్దుబారిన వేళ్లు మొదటి ముడిని తడిమి వదిలేశాయి. రెండో ముడి దగ్గర ఆగాయి. ఎంతసేపు ఆగాయో.

చివరికి తల ఎత్తి, నలభై ఆరేళ్ల తర్వాత మొదటిసారి చెల్లెలి కళ్లలోకి చూశాడు. అంత పెద్ద గొంతూ పక్కవాడికి వినిపించనంతగా తగ్గిపోయింది.

"ఈ ముడి నువ్వు బిగిస్తుంటే నేను నీ వెనకే ఉన్నాను ఉనైసీ. దాన్ని మూయకూడదని ఊరందరితో పాటు నేనూ విన్నాను. నిన్ను పిలవకూడదు కదా అని, పక్కకు తిరిగి అరటి తోటలోంచి వెళ్లిపోయాను."